ఎవరూ అడగని కిడ్నీ

సోమవారం, పొద్దుటి దిగుడు తర్వాత

నీటి అడుగు నుంచి పైకొచ్చిన ప్రతి మనిషీ కింద ఏం చూసిందీ మాటలు పట్టే ఈ డబ్బాలో చెప్పాలని రూలు. బుర్ర సరిగా పనిచేస్తోందో లేదో తెలియడానికట. ఇందులో చెప్పిన మాటను ఎవరి మీదా సాక్ష్యంగా వాడకూడదని కూడా రూలే. కాబట్టి చెబుతున్నాను. నా పేరు నీలవేణి. సముద్రం మీద తేలే ఊళ్ళలో మాది ఏడో తెప్ప, నాది అడుగు పని. తెప్పను తేల్చే పీపాలకు పట్టిన గుల్లలు గీకడం, నీళ్ళు లాగే గొట్టాల నోళ్ళకు అడ్డంపడ్డ నాచూ చెత్తా తీయడం. ఈ రోజు మూడు గొట్టాలు శుభ్రం చేశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. నా బుర్ర బాగానే ఉంది.

గొడవంతా పైనే ఉంది.

నేనింకా తడి బట్టలు విప్పలేదు, నర్సు వచ్చింది. తెల్ల కోటు, చేతిలో ఎర్ర పెట్టె. వరసలోని గదులన్నీ దాటుకుంటూ వచ్చి నా గది తలుపు కొట్టింది. కిడ్నీ పొంతన కుదిరిన సంగతి ఆ ఒక్క మనిషికి తప్ప ఎవరికీ తెలియకూడదని చట్టం. అందుకని సందేశం పంపరు, మనిషినే పంపుతారు. మా వరసలో గోడలు రేకువి. తమ్ముడు జబ్బుతో ఉన్నవాళ్ళ ఇంటికి ఎర్ర పెట్టె ఎందుకొస్తుందో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఈ చట్టం రాసినవాడెవడో తెప్ప మీద ఒక్క పూట కూడా కాపురం చేసి ఉండడు.

"మీ తమ్ముడు గురువులుకు మీ కిడ్నీ సరిపోయింది. ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. మిమ్మల్ని ఎవరూ అడగకూడదు. అడిగితే మాకు చెప్పండి," అని నర్సు గుసగుసగా చెప్పింది. పక్కగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

గురువులు నాకన్నా ఆరేళ్ళు చిన్న. పోయిన వానాకాలం నుంచీ కుర్చీ ఎక్కుతున్నాడు. కుర్చీ అంటే రక్తం కడిగే మిషను. ఒక మనిషి రక్తం ఒకసారి కడగడానికి పట్టే మంచినీళ్ళతో మా వరస మొత్తానికి ఒక పూట గడుస్తుంది. అందుకే తెప్పకు ఉన్నవి కాసిని కుర్చీలే. సముద్రాన్ని వడకట్టుకుని తాగే ఊళ్ళో కిడ్నీలు పాడయ్యేవాళ్ళకు మాత్రం కొదవ లేదు. అటు గట్టు మీద గాజు గిన్నెల్లో కిడ్నీలు పెంచుతున్నారని వింటున్నాం. ఆ గిన్నెలు సముద్రం దాటి ఇటు రావు.

అమ్మకు వయసు దాటిపోయింది. గురువులు పెళ్ళాం దమయంతిది సరిపోలేదని ముందే చీటీ వచ్చింది. పిల్లలిద్దరూ పసివాళ్ళు. మిగిలింది నేను. నలభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు, ఒక్కదాన్నే ఉంటాను. నర్సు వెళ్ళాక పొయ్యి ముందు కూర్చుని ఏమీ వండలేదు. వాడు పోతాడేమోనని భయం. నన్ను కోస్తారని భయం. రెండూ నిజమే.

బుధవారం

నీళ్ళు కాస్త మసగ్గా ఉన్నాయి. గుల్లలు మామూలే. క్యారేజీలు మొదలయ్యాయి.

ఈ డబ్బా గట్టు మీద ఎవరైనా వింటే వాళ్ళకు అర్థం కాదు కనుక చెబుతాను. తెప్పలు కట్టిన కొత్తలో మొగుళ్ళు పెళ్ళాల కిడ్నీలు, అన్నలు చెల్లెళ్ళ కిడ్నీలు తన్ని మరీ లాక్కున్నారట. అప్పుడు చట్టం తెచ్చారు. నోటితో గానీ, సైగతో గానీ, రాసి గానీ అయినవాళ్ళను కిడ్నీ అడిగితే ఆ రోగికి కుర్చీ పోతుంది. మంచి చట్టమే. కాకపోతే మా జనం దానికి విరుగుడు కనిపెట్టారు. పొంతన కుదిరిన మనిషికి రోగి ఇంటి నుంచి రోజూ క్యారేజీలో కూడు వస్తుంది. ఎందుకు తెచ్చారో చెప్పరు. తిన్నాక గిన్నెలు కడిగి, చారెడు బియ్యమో చిటికెడు ఉప్పో ఏదో ఒకటి అందులో వేసి పంపితే ఇంకా ఒప్పుకోలేదని అర్థం. ఉత్త గిన్నె వెళ్ళిందంటే ఒప్పుకున్నట్టే. ఇది ఎక్కడా రాసిలేదు. చట్టం మర్చిపోయినవాళ్ళు ఏడో తెప్ప మీద ఉన్నారేమో గానీ దీన్ని మర్చిపోయినవాళ్ళు లేరు.

దమయంతి మధ్యాహ్నం మూడు గిన్నెల క్యారేజీతో వచ్చింది. సొరచేప పొడిపొడిగా వండిన సొరపుట్టు, చింతకాయ పచ్చడి, అన్నం.

"తిను వదినా, వేడిగున్నాది."

"నువ్వు తిన్నావేటి?"

"తిన్నాను. పెద్దోడికి నిన్నట్నుంచీ దగ్గు. సిన్నోడు, నాన్న మునపట్లాగ ఎప్పుడు నన్నెత్తుకుంటాడని అడగతన్నాడు..." అని చటుక్కున నాలుక కరుచుకుంది. ఈ రోజుల్లో మా ఇంట్లో అడగడమన్న మాటే ఎవరూ వాడరు. కూర ఇంకొంచెం కావాలా అని కూడా అడగరు, వడ్డించేస్తారు.

నేను ప్రతి ముద్దా నమిలి మింగేదాకా ఆ పిల్ల చూస్తూ కూర్చుంది. నా ఒంట్లో దాచుకున్న వాళ్ళ సామాను పదిలంగా ఉందో లేదో చూసుకుంటున్నట్టుంది. ఆమె మీద నాకు కోపం లేదని చెప్పాలనుంది. కానీ ఉంది. గిన్నెలు కడిగి, చిటికెడు ఉప్పు వేసి చేతికిచ్చాను. మూత తీసి చూసుకుని వెళ్ళింది. రేపు మళ్ళీ వస్తుంది.

సాయంత్రం మా మేస్త్రీ అప్పలస్వామి, "రేపట్నుంచి లోతుకెల్లకు, పై గొట్టాలు సూడు," అన్నాడు. ఎందుకని అడిగితే, "ఊరికినే," అన్నాడు. ఊరికినే ఎందుకుంటుంది! ఒక్క కిడ్నీ ఉన్నవాళ్ళను కిందికి పంపకూడదని రూలు. నా రెండూ నా దగ్గరే ఉండగా వీడు ఒకటి తీసి లెక్క వేసుకున్నాడు.

కింద ఏముందని ఎవరైనా అంటారేమో. కింద చల్లగా ఉంటుంది. ఎవరి మాటా వినపడదు. పద్దెనిమిదో ఏట నుంచీ దిగుతున్నాను, ఇంతకన్నా నాకు బాగా వచ్చిన పని లేదు, ఇంతకన్నా నచ్చిన చోటూ లేదు. అది వదులుకోవాలంటే కడుపు మండుతోంది.

శుక్రవారం

పై గొట్టాలే. చెప్పడానికేమీ లేదు.

గురువులు కుర్చీ మీద ఉండగా చూడ్డానికి వెళ్ళాను. చేయి పక్కకు చాపి పడుకున్నాడు. రెండు గొట్టాలు, ఒకటి వాడి రక్తం తీసుకుపోతుంది, ఒకటి తెచ్చి పోస్తుంది. మొహం ఉబ్బింది, కాళ్ళు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. ఒకప్పుడు ఈ కాళ్ళతోనే నా వీపు మీద ఎక్కి తొక్కేవాడు.

"వొచ్చినావా అప్పా," అన్నాడు. నన్ను అక్కా అనడు, అప్పా అనే అంటాడు. "మూడో తెప్పోళ్ళు వలేస్తే పెద్ద వంజరాలు పడ్డాయంట."

"పడ్డాయంటలే."

"దమయంతి కూరట్టుకొస్తందా?"

"తెస్తంది."

"ఉప్పెక్కువేస్తాది అది."

వంజరాల గురించీ, మూడో తెప్ప వల గురించీ ఇంకా చాలా చెప్పాడు. నా మొహంలోకి ఒక్కసారి కూడా చూడలేదు. నేను వాడి మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. ఒరేయ్, నీకు చావంటే భయం, నాకు తెలుసు, ఆ సంగతి చెప్పరా అని అరవాలనిపించింది. పక్క కుర్చీలో ముసలాయన ఉన్నాడు, అటుపక్క నర్సు ఉంది. వాడు నోరు జారితే ఆ గొట్టాలు అక్కడే ఊడపీకుతారు. అందుకని వంజరాల గురించే విన్నాను. బయటికొచ్చాక రెయిలింగును కాలితో తన్నాను. బొటనవేలు వాచింది.

ఆదివారం

ఈ రోజు దిగలేదు. దిగనివ్వలేదు. అయినా చెబుతాను.

పొద్దున్న కుళాయి వచ్చిన గంటలో అందరిలాగే నిన్నటి క్యారేజీ గిన్నెలు కడిగి వసారా కమ్మీ మీద బోర్లించాను. గది లోపల పెడితే ఆరవు. ఆరాక వేద్దామని ఉప్పు తీసి పక్కన పెట్టుకున్నాను. కాస్త నడుం వాల్చి లేచేసరికి కమ్మీ మీద క్యారేజీ లేదు.

దొంగలెవరు తీస్తారు అనుకుంటుండగానే పక్కగది సన్నాసమ్మ వచ్చి నన్ను కావిలించుకుని ఏడ్చింది. "మా తల్లివే నువ్వు," అంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. వాళ్ళ వెనక వరస వరసంతా. రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంటున్నారు. ఎవరికీ ఏమీ చెప్పే వీలులేదు. ఏదైనా అనబోతే, "వొద్దమ్మా, సెప్పకు, మాకు తెలుసులే," అంటారు.

అసలు సంగతి అప్పుడు తెలిసింది. అమ్మ వచ్చిందట. గురువులు దగ్గరే ఉంటుంది అమ్మ. నేను పడుకుని ఉన్నానని చూసి, కమ్మీ మీద క్యారేజీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయిందట. ఉత్త క్యారేజీ, అదీ రోగి కన్నతల్లి చేతిలో, పట్టపగలు, తెప్ప మధ్యలో నుంచి.

మధ్యాహ్నానికి దమయంతి పిల్లలిద్దరినీ వెంటేసుకుని వచ్చి నా కాళ్ళ మీద పడింది. పిల్లల చేత కూడా దణ్ణం పెట్టించింది.

"లే. ఆ క్యారేజీ నేను పంపనేదు," అన్నాను.

"అత్త తెచ్చినాది కదా వదినా?"

"ఆరబెట్టుకుంటే పట్టుకెళిపోయింది. నేనింకా ఒప్పుకోనేదు."

దమయంతి ఏడుపు ఆగింది. ఆమెకు అర్థమైంది, కళ్ళలో కనబడింది. ఒక్క క్షణం నా వైపు అలాగే చూసి, "ఎలాగొస్తేనేటి వదినా, వొచ్చింది కదా," అని మళ్ళీ వంగి కాళ్ళు పట్టుకుంది. నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. చిన్నవాడు బెదిరిపోయి తల్లి చీర వెనక దాక్కున్నాడు.

సాయంత్రానికి అడుగు పని బోర్డు మీద నా పేరు తుడిచేశారు.

సోమవారం

దిగలేదు.

అమ్మ దగ్గరికి వెళ్ళాను. దమయంతి పిల్లలతో బయటికి పోయింది, గురువులు నిద్రపోతున్నాడు. అమ్మ వసారాలో చేపలు తోముతోంది. మా అమ్మ ఎర్నమ్మ అంటే ఈ తెప్ప మీద ఒకప్పుడు గయ్యాళి. ఇప్పుడు కొడుకు జబ్బుతో సగమైపోయింది. అయినా నేను జాలి పడే తీరికలో లేను.

"ఆ క్యారేజీ ఎవరిచ్చినారే నీకు?"

"ఎవురూ ఇవ్వనేదు. నువ్వు తొంగున్నావు. కమ్మీ మీదున్నాది కదా, దమయంతికి ఓ తిరుగుడు తప్పుతాదని పట్టుకొచ్చీసినాను."

"ఉత్త గిన్నె అని తోచనేదేటి?"

"తోచనేదే తల్లీ. నిజంగా తోచనేదు. మెట్ల కాడ సన్నాసమ్మ సూసి నా సెయ్యట్టుకుని ఏడిసీసింది. అప్పుడు తోచింది. కిందకెల్లేసరికి పదిమంది. దండాలెట్టేస్తన్నారు. అంతమంది సంబరపడతంటే నేను కాదని ఎలాగ సెప్పేది?"

"నోటితో సెప్పాల."

"ఇంటికొచ్చేసరికి నాకూ నిజమే అనిపించీసింది," అంది అమ్మ. చేతిలో చేప అలాగే ఉంది.

నేను నమ్మాను. అమ్మ అబద్ధమాడలేదు. పొరపాటునే తెచ్చింది, ఆ తర్వాత మాత్రం పొరపాటు కాదు. మెట్ల దగ్గర నుంచి ఇంటిదాకా ఒక్కో అడుగు వేస్తూ, ఒక్కో మనిషి దణ్ణం తీసుకుంటూ నన్ను ఇచ్చేసింది.

"వాడు పోతే నేనెలాగ బతికేదే?" అంది.

"నన్ను కోసీస్తే?"

"నువ్వు బాగానే ఉంటావు. నువ్వెప్పుడూ బాగానే ఉన్నావు. వాడికి పెళ్ళామూ పిల్లలూ. నీకెవరున్నారే, ఎవరికోసమని దాసుకోడం?"

ఒళ్ళు మండిపోయింది. నాకు నేనున్నాను అని అరిచాను. నా ఒంటికి వారసులు లేకపోతే అది ఊరుమ్మడి అయిపోతుందా? మొగుడు లేడు కాబట్టి కిడ్నీ ఖాళీగా ఉందా? అన్నీ అరిచాను. చుట్టుపక్కల తలుపులన్నీ మెల్లగా తెరుచుకున్నాయి.

"పోనీ నువ్వైనా అడగవే. నా మొకం సూసి, కిడ్నీ ఇమ్మని అడుగు," అన్నాను.

అమ్మ చేప పడేసి, జిగటచేత్తోనే నా నోరు మూసింది. "తప్పే, ఆ మాటనకు. వాడి కుర్చీ పోతాది."

ఆ చేతి కింద నాకు తెలిసొచ్చింది. ఈ వారం రోజులుగా నాకు ఊపిరాడకపోవడానికి కారణం అది. ఎవరైనా అడిగితే కదా, నేను ఇస్తాననో ఇవ్వననో అనగలిగేది! ఎవరూ అడగలేదు. కాబట్టి నేను కాదన్నా ఎవరికీ కాదన్నట్టు కాదు. మమ్మల్ని కాపాడ్డానికని చట్టం అడగడాన్ని నిషేధించింది. అడగడంతోపాటు కాదనడం కూడా పోయింది.

మంగళవారం

మళ్ళీ దిగలేదు. మేస్త్రీతో, బోర్డు మీద నా పేరు మళ్ళీ రాయమన్నాను. "ఉత్త గిన్నె ఎల్లిపోయింది కదమ్మా," అన్నాడు, అక్కడికి సముద్రమే ఎండిపోయిందన్నట్టు. ఆ గిన్నె నేను పంపలేదన్నాను. తల గోక్కున్నాడు. "ఎలాగెల్లినా ఎల్లింది కదా," అన్నాడు. వీళ్ళందరికీ ఎవరు నేర్పారో గానీ ఒకే మాట.

కోపం పట్టలేక బియ్యం నిండా పోసిన క్యారేజీ ఒకటి పట్టుకెళ్ళి దమయంతి చేతిలో పెట్టాను. లెక్క ప్రకారం అది కాదనడం. దమయంతి మూత తీసి చూసి, "ఇంత బియ్యమెందుకు వదినా, మాకు పెట్టడమే గొప్ప," అని లోపలికి తీసుకెళ్ళి పోసుకుంది. ఉత్త గిన్నె వెళ్ళాక నేనేం పంపినా అది ఆడపడుచు ప్రేమేనట. బియ్యం కూడా పోయాయి.

ఎల్లుండి నన్ను వినికిడి గదికి రమ్మన్నారు. అక్కడ ఒంటరిగా కూర్చోబెట్టి అధికారి నా మాట వింటారు. ఆ తర్వాత కోతే.

బుధవారం

గురువులుకు కబురు పెట్టాను, పంపుల గదికి రమ్మని. నీళ్ళు తోడే పంపుల హోరులో పక్క మనిషి మాట కూడా చెవిలో చెబితే గానీ వినపడదు. పగలే వచ్చాడు. రెండు మెట్లకోసారి ఆగుతూ వచ్చి, గొట్టం మీద కూలబడ్డాడు.

"ఆ క్యారేజీ నేను పంపనేదురా," అని వాడి చెవిలో అరిచాను.

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"అమ్మ గుమ్మంలోకి రాగానే. నువ్వు పంపితే అమ్మ సేత పంపుతావేటి? నువ్వే వొచ్చి ఆ గిన్నె నా మొకాన పడీసి ఎల్తావు."

"తెలిసీ నోరు మూసుకున్నావా?"

"మూసుకున్నాను."

చెయ్యెత్తాను. నిజంగానే ఎత్తాను. ఉబ్బిన ఆ చెంప మీద కొట్టబుద్ధి కాలేదు. చెయ్యి దించి, వాడి చొక్కా పట్టుకున్నాను.

"అయితే అడుగు."

"ఏటి?"

"కిడ్నీ. నోరారా అడుగు. ఇక్కడెవురూ వినరు. వారం దినాల్నించీ సొరపుట్టు తినిపిస్తన్నారు, కాళ్ళమీద పడతన్నారు, దండాలెడతన్నారు. ఒక్కరు అడగనేదు. నీకు కావాల్సింది నువ్వడుగు."

వాడు తలుపు వైపు చూశాడు. కుర్చీ పోతుందన్న భయం చెట్టంత మనిషిని ఎంత చిన్నవాణ్ణి చేస్తుందో చూశాను. చాలాసేపటికి నా మొహంలోకి చూశాడు. ఈ రోగం వచ్చాక అదే మొదటిసారి.

"అప్పా, నీ కిడ్నీ నాకియ్యి," అన్నాడు. "నేను సచ్చిపోతానని బయమేస్తంది. కుర్చీ మీద పడుకుంటే ఇక లెగననిపిస్తాది. ఇయ్యి అప్పా."

నాకు ఏడుపొచ్చింది. పొంతన కుదిరిన దగ్గర నుంచీ మొదటిసారిగా ఆ కిడ్నీ నాదనిపించింది. నాది కాకపోతే నన్నెందుకు అడుగుతాడు?

ఏమంటానో అప్పటిదాకా నాకూ తెలియదు, నిజంగా తెలియదు. నోరు తెరిచాక తెలిసింది.

"ఇవ్వనురా."

వాడు వినపడనట్టు చూశాడు.

"ఇవ్వలేను. కోతంటే బయం. కిందకి దిగనివ్వకపోతే నేను బతికుండీ ఏటి సేస్తాను? నీకోసం నాకు ఏడుపొస్తంది. అయినా ఇవ్వను."

"నా పిల్లల మొకం సూడవా?"

"సూస్తాను. సూసీ ఇవ్వను."

అప్పుడు తిట్టాడు. రాక్షసివన్నాడు. నీకు పిల్లలుంటే తెలిసేదన్నాడు. నీ సముద్రంలో నువ్వే పడి చావన్నాడు. ఒక్క మాటా ఆపలేదు నేను. సొరపుట్టు కన్నా ఆ తిట్లే నయం. వాటిల్లో నేనున్నాను. అరిచి అరిచి ఆయాసపడి, గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. సాయం చేయబోతే చెయ్యి విదిలించేశాడు.

గురువారం

వినికిడి గది చిన్నది. రెండు కుర్చీలు, ఒక బల్ల. గట్టు మీద నుంచి వచ్చిన అధికారి, పెద్దావిడ, మెత్తగా మాట్లాడింది.

"మిమ్మల్ని ఎవరైనా కిడ్నీ అడిగారా అమ్మా? నోటితో గానీ, ఇంకో విధంగా గానీ?"

ఇక్కడ నేను నిజం చెబితే గురువులు కుర్చీ పోతుంది. అడగనివాళ్ళందరూ హాయిగా ఇళ్ళల్లో ఉంటారు, అడిగిన ఒక్కడూ చస్తాడు.

"లేదండి. ఎవరూ అడగలేదు."

"మీ నిర్ణయం?"

"ఇవ్వనండి."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. ముందుకు వంగి, "కారణం మాకు చెప్పక్కర్లేదు. మీ వాళ్ళకు కూడా చెప్పక్కర్లేదు. పరీక్షల్లో మీ శరీరం సరిపోలేదని చీటీ ఇస్తాం. దాన్నే బయట బోర్డు మీద కూడా పెడతాం. మీ మీదకు ఒక్క మాట రాదు. కాదన్నవాళ్ళందరూ అదే తీసుకుంటారు," అంది.

కాదన్నవాళ్ళందరూ. దమయంతి చీటీ గుర్తొచ్చింది. ఆ పిల్లది నిజంగానే సరిపోలేదో, ఈ కుర్చీలోనే కూర్చుని ఆ చీటీ పుచ్చుకుని వెళ్ళిందో నాకు తెలియదు. ఆమెను నేను అడగను. కానీ నా కాళ్ళు పట్టుకుని ఎందుకంత గట్టిగా ఏడ్చిందో ఇప్పుడు ఇంకోలా తోస్తోంది.

చీటీ తీసుకుంటే ఎంత సుఖమో నాకు తెలుసు. అమ్మ మళ్ళీ మాట్లాడుతుంది. సన్నాసమ్మ, పాపం నీలవేణి ఇద్దామనే అనుకుంది అంటుంది. మేస్త్రీ బోర్డు మీద పేరు రాస్తాడు. ఒక్క గురువులుకు మాత్రం తెలుసు, వాడు చెప్పలేడు. అడిగిన నోరూ మూతపడుతుంది, కాదన్న నోరూ మూతపడుతుంది. తర్వాత ఇంకో ఇంటికి ఎర్ర పెట్టె వెళ్తుంది, క్యారేజీ వెళ్తుంది.

"వద్దండి," అన్నాను. "నా శరీరం సరిపోయింది. నేనే ఒప్పుకోలేదు. అలాగే రాయండి."

"అలా రాస్తే మీరు ఈ తెప్ప మీద బతకడం కష్టం."

"ఇప్పుడు సుఖంగా బతుకుతున్నానా?"

ఆవిడ కాసేపు కలం పట్టుకుని కూర్చుంది. ఆ మాట ఎలా రాయాలో మాదిరి లేదంది. నేను చెప్పాను, ఆవిడ రాసింది.

శనివారం

దిగాను. మేస్త్రీ నా వైపు చూడకుండానే బోర్డు మీద నా పేరు రాశాడు, చట్ట ప్రకారం రాయక తప్పదు. తాడు పట్టుకోవడానికి తోటివాళ్ళెవరూ రాలేదు. చివరికి అతనే పట్టుకున్నాడు. లోతు గొట్టాలన్నీ పూడుకుపోయి ఉన్నాయి. రెండు శుభ్రం చేశాను. కింద నేననుకున్నంత హాయిగా లేదు. వాడి తిట్లు అక్కడికి కూడా వచ్చాయి.

నిన్న పొద్దున్న బోర్డు మీద పెట్టారు. 'పొంతన కుదిరింది. నీలవేణి ఒప్పుకోలేదు.' మధ్యాహ్నానికి నా గది తలుపు మీద ఎవరో పేడనీళ్ళు కొట్టారు. ఈ నడిసముద్రంలో పేడ ఎక్కడ దొరికిందో మరి, అంత కష్టపడ్డారు. అమ్మ నన్ను చూసి ముసుగు లాక్కుని వెళ్ళిపోయింది. ఏడ్చాను. తలుపు కడిగాను.

ఈ రోజు గురువులు కుర్చీ ఎక్కే రోజు. వెళ్ళాను. వెళ్ళకూడదని అందరి మొహాలూ చెప్పాయి. నర్సు కూడా దారి ఇవ్వడానికి ఒక్క క్షణం ఆలోచించింది. వాడి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. గొట్టాల్లో రక్తం తిరుగుతోంది.

"ఎందుకొచ్చినావు?" అన్నాడు.

"కూకోడానికి."

"నిన్ను సూస్తే నాకు మండుతంది."

"మండనీ. నాకూ మండుతంది."

నర్సు అటుపక్కకు వెళ్ళేదాకా ఆగాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేనడిగినానని అక్కడ సెప్పనేదేటి?" అన్నాడు.

"అంతమందిలో నన్ను అడిగింది నువ్వొక్కడివే. నిన్నెలాగ పట్టిస్తానురా?"

గురువులు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. నేను లేవలేదు, ఓదార్చలేదు కూడా. ఓదార్చే హక్కు నాకు లేదు. కాసేపటికి ఇటు తిరిగాడు. ఈసారి గొంతు తగ్గించలేదు. అటు నర్సు ఉందనీ చూడలేదు. పక్క కుర్చీలో ముసలాయన చటుక్కున కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు.

"నేను మళ్ళీ అడుగుతాను. పతీ వారం అడుగుతాను."

"అడుగు."

"మళ్ళీ కాదంటావేటి?"

"తెలీదురా," అన్నాను. "అడిగి సూడు."